ఫారాబీ చెప్పిన మంచి ఊళ్ళో ప్రజాస్వామ్యానికి చోటుందా?

గోదారిగట్టు | శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారమండీ. చాలా నెలల తర్వాత ఇక్కడ పోస్టు పెడుతున్నా, తప్పులుంటే సర్దుకోండి. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివేటప్పుడు మా నోట్సులో ప్లేటో, అరిస్టాటిల్ అయిపోయి పేజీ తిప్పితే చాలు మాకియవెల్లీ వచ్చేసేవాడు, మధ్యలో అన్ని వందల ఏళ్ళూ జనం రాజకీయం గురించి ఆలోచించడం మానేసి ముసుగు తన్ని పడుకున్నట్టు. మొన్న ఒక వీడియోలో అల్ ఫారాబీ పేరు విన్నా, పదో శతాబ్దంలో అరబ్బీలో రాసిన తత్వవేత్త అట. ఆ వీడియో చేసినాయన చెప్పేదేంటంటే ఫారాబీ ప్లేటో గారి తత్వవేత్త రాజుని తెచ్చి ఇమాం అని బోర్డు మార్చి కూర్చోబెట్టాడు, సొంత సరుకేం లేదు, పైగా ప్రజాస్వామ్యాన్ని అజ్ఞానుల ఊరు అని తిట్టాడు అని.

నిజంగా అంతేనా? నిజంగానే తిట్టాడా, ఆ ఇమాం అంటే ఇప్పుడు మనం అనుకునే మతప్రభుత్వమేనా? ఈ రెండే నా డౌట్లు. గొడవ పెడదామని కాదండీ బాబూ, తెలుసుకుందామని.

మలక్‌పేట_మామ | 10:20

మంచి ఊరు అని చూసి కొత్త వెంచర్ ఏమో, గజం ఎంత పలుకుతుందో అడుగుదామని లోపలికొచ్చిన. కానీ సబ్జెక్టు మంచిగ పెట్టినవ్ తమ్మీ. మాస్టారు ఏడున్నరో పిలువుండ్రి.

అరబ్బీమాస్టారు | 11:05

పిలవక్కర్లేదు మామా, చూస్తూనే ఉన్నాను. నేను అరబ్బీ చదువుకున్నవాణ్ణి, ఫిలాసఫీ డిగ్రీ లేదు, అది ముందే చెప్తున్నాను.

మొదట ఈ "ఊరు" అనే మాట దగ్గరే ఒక తగాదా ఉంది. ఫారాబీ వాడిన మాట మదీనా. మన చార్మినార్ దగ్గర మదీనా అని బస్సు దిగుతామే, అదే మాట, అరబ్బీలో మదీనా అంటే నగరం. ఆయన పుస్తకం పేరు పొడుగ్గా ఉంటుంది గానీ అందరూ అల్ మదీనా అల్ ఫాదిలా అంటారు, ఉత్తమ నగరం అనుకోండి. తెలుగులో ఊరు అంటే హైదరాబాదూ ఊరే, మా తాతగారి 60 గడపల పల్లే ఊరే. ఫారాబీకి అలా కుదరదు. ఆయన లెక్కలో ఇల్లు, వీధి, పేట, పల్లె ఇవన్నీ అసంపూర్ణ సమాజాలు. మనిషి సుఖానికి కావల్సినవన్నీ ఒకచోట దొరకడం మొదలయ్యేది నగరంతో, దాని పైన జాతి, దాని పైన మనుషులుండే మొత్తం భూమి. నగరం అనే మెట్టు దాకా ప్లేటో తోడొస్తాడు, ఆ పై రెండు మెట్లూ ఫారాబీవే. గ్రీకువాళ్ళకి గోడ చుట్టూ ఉన్న నగరంతోనే లోకం అయిపోతుంది, ఈయన కూర్చున్నది అట్లాంటిక్ ఒడ్డు నుంచి సింధునది దాకా సాగిన రాజ్యాల మధ్యలో మరి.

ఇంక ఇమాం సంగతి. తహసీల్ అస్సఆదా అని ఇంకో పుస్తకం ఉంది. తహసీల్ అంటే మన తహసీల్దారులో ఉన్న తహసీలే, రాబట్టుకోవడం. సఆదా అంటే సుఖం. ఎమ్మార్వో శిస్తు వసూలు చేసినట్టు మనిషి సుఖాన్ని వసూలు చేసుకోవడం అన్నమాట! అందులో ఆయన తేల్చి చెప్తాడు, తత్వవేత్త, పరిపాలకుడు, రాజు, శాసనకర్త, ఇమాం ఈ మాటలన్నిటికీ అర్థం ఒకటే అని. ఆ వీడియో ఆయన ఇక్కడ ఆగిపోయుంటాడు. కానీ ఆ వరసలో మొదట ఎవరున్నారో చూడండి. ఫారాబీ ప్రకారం తత్వశాస్త్రం నిజాన్ని రుజువులతో పట్టుకుంటుంది, మతం అదే నిజాన్ని మామూలు జనానికి బొమ్మల్లో, పోలికల్లో చూపిస్తుంది. ఒక జాతికి ఒక బొమ్మ బాగా ఎక్కుతుంది, ఇంకో జాతికి ఇంకోటి, కాబట్టి వేరువేరు మతాలున్న ఉత్తమ జాతులూ ఉత్తమ నగరాలూ ఉండొచ్చు, అందరూ వెళ్ళే సుఖం ఒకటే అని అస్సియాసా అల్ మదనియ్యా అనే మరో పుస్తకంలో రాశాడు. క్రీస్తుశకం 950లో పోయిన మనిషి ఈ మాట రాశాడండీ. దీన్ని మతప్రభుత్వం అంటారో ఇంకేమంటారో మీరే చెప్పండి.

డల్లాస్_బావ | శనివారం ఉదయం 6:31

మాస్టారూ గౌరవంతోనే అడుగుతున్నా, మీరు మరీ తీపి చేసి చెప్తున్నారేమో. వేరే మతాలు ఓకే అన్నాడు సరే, మరి పై నుంచి కింద దాకా ఆ నిచ్చెన ఏంటి? పైన గుండెకాయ లాంటి పాలకుడు, కింద మిగతా అవయవాలు ఒకదానికింద ఒకటి సేవ చేస్తూ ఉండాలి, అన్నిటికన్నా కింద ఎవరికీ పని చెప్పలేక, అందరూ చెప్పిన పని చేసేవాళ్ళు. అది మనకి బాగా తెలిసిన నిచ్చెనే కదా, తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా పరిచయం చెయ్యక్కర్లేదు. ప్లేటో అయినా ఫారాబీ అయినా తెలివైనోడు పైనుండాలి అంటారు, తెలివైనోడు ఎవడో తేల్చేది మాత్రం ఆ తెలివైనోడే.

అరబ్బీమాస్టారు | 7:10

మంచి దెబ్బే కొట్టారు, ఒప్పుకుంటున్నాను. నిచ్చెన ఉంది. ఒక చిన్న తేడా ఆయనే చెప్పుకున్నాడు, శరీరంలో అవయవాలు పుట్టుకతో వాటి పని చేస్తాయి, నగరంలో మనుషులు మాత్రం ఇష్టపూర్వకంగా అలవాటు చేసుకున్న గుణాలతో చేస్తారు అని. పుట్టుక ఒక్కటే చాలదు అని దాని అర్థం. అయినా మీ ప్రశ్న అలాగే ఉంటుంది.

గోదారిగట్టు | 7:44

పాలకుడికి 12 లక్షణాలు ఉండాలన్నాడని వీడియోలో ఉంది. అవేంటో ఎవరికైనా తెలుసా? అంత లిస్టు ఉన్న మనిషి పెళ్ళిచూపుల్లో కూడా దొరకడు.

పాఠకురాలు77 | 9:15

అందుకే ఫారాబీ కూడా దొరకడనే అనుకున్నాడు :) నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను ఈ భాగం. అవయవాలన్నీ సరిగ్గా ఉండాలి, చెప్పింది చప్పున అర్థం కావాలి, జ్ఞాపకం, చురుకు, మాటకారితనం, చదువంటే ప్రేమ, తిండి మీదా మందు మీదా ఆడవాళ్ళ మీదా యావ ఉండకూడదు, నిజం అంటే ఇష్టం, అభిమానం, డబ్బంటే లెక్కలేనితనం, న్యాయం, తెగువ. ఇవన్నీ ఒకే మనిషిలో దొరకడం కష్టం, తరానికి ఒకడు దొరికితే గొప్ప అని ఆయనే అంటాడు.

అసలు నన్ను ఆపేసింది ఆ తర్వాత పేరా. అలాంటివాడు లేకపోతే రెండో రకం పాలకుడు, వాడికి 6 లక్షణాలు చాలు. ఆ ఆరూ ఒకడిలో లేకపోతే ఇద్దరు కలిసి ఏలొచ్చు, ఒకడికి వివేకం ఉండి రెండోవాడికి మిగతావి ఉంటే సరి. అదీ కుదరకపోతే ఆరుగురు, తలా ఒక లక్షణం, ఒకరితో ఒకరికి పొసగితే వాళ్ళే ఉత్తమ పాలకులు. అంటే రాజు కాస్తా కమిటీ అయిపోయాడు చూడండి! ఒక్కటి మాత్రం తగ్గించడు, వివేకం. హిక్మా అంటాడు దాన్ని. మిగతా అయిదూ ఉండి ఈ ఒక్కటీ లేకపోతే ఆ నగరానికి రాజు లేనట్టే లెక్క, కొన్నాళ్ళకి పోతుంది అని రాసి అక్కడితో వదిలేశాడు.

మలక్‌పేట_మామ | 9:40

హిక్మా అంటే హకీంల ఉన్నదేనా? మా దిక్కు హకీం సాబ్ అంటే నాడి చూసి మాజూన్ ఇచ్చేటాయన.

అరబ్బీమాస్టారు | 9:58

అదే మామా. హకీం అంటే వివేకి, వైద్యుడు, తత్వవేత్త మూడూను, పూర్వం ఆ మూడూ చాలాసార్లు ఒకే మనిషి. అదే ధాతువు నుంచి హాకిం, దీర్ఘం చోటు మారింది అంతే, హాకిం అంటే అధికారి. హుకుం కూడా ఆ ఇంటి బిడ్డే. ఫారాబీ పుస్తకమంతా ఒక్క ముక్కలో చెప్పమంటే హకీం లేని హాకిం పనికిరాడు అంటాను నేను. సియాసత్ మాట కూడా సరదాగా ఉంటుంది, రాజకీయం అనే అర్థం రాకముందు అది గుర్రాన్ని సాకి దారికి తేవడం, ఉర్దూలో గుర్రాలు చూసేవాణ్ణి సాయీస్ అనడం అందుకే.

ఖమ్మంకుర్రోడు | 11:30

నేను మెడికల్ స్టూడెంట్‌ని, హిస్టరీ ఇంట్రెస్ట్. ఆ మొదటి లక్షణం, అవయవాలన్నీ సరిగ్గా ఉండాలి అన్నది, నాకు చదవంగానే వికలాంగుల మీద చిన్నచూపు అనిపించింది. తర్వాత ఆ రోజుల్లో బాగ్దాద్ సంగతి చూస్తే వేరే అర్థం తట్టింది. ఫారాబీ ఉన్నప్పుడే 932లో ఖలీఫా ముఖ్తదిర్‌ని చంపేశారు, 934లో ఖాహిర్‌ని దించి కళ్ళు పొడిచిన్రు, 944లో ముత్తఖీకి కూడా అదే గతి. ఎందుకు చంపకుండా కళ్ళు పొడుస్తరంటే చూపు లేనోడు ఖలీఫాగా పనికిరాడు అని ఒక రూల్ నడిచేది, తర్వాత మావర్దీ అనే న్యాయశాస్త్రవేత్త తన పుస్తకంలో దాన్ని రాతపూర్వకంగా పెట్టిండు కూడా. అంటే సైన్యాధికారి ఒక సూది కాల్చి పెట్టి పాలకుడి అర్హత తీసేయొచ్చు. ఫారాబీ లిస్టులో అవయవాలు ఒకటే లైను, మిగతా 11 బుర్రకీ గుణానికీ సంబంధించినవి, వాటిని ఎవడూ సూదితో పొడవలేడు. ఇది నా ఊహే, పరీక్షలో రాయకండి.

డల్లాస్_బావ | 12:02

ఈ పాయింట్ బాగుంది తమ్ముడూ. అయితే ఆయన కలలు కంటున్నది ఖలీఫాలకి కళ్ళు పోతున్న ఊళ్ళో కూర్చుని అన్నమాట.

అరబ్బీమాస్టారు | 12:25

పూర్తిగా అక్కడ కూర్చుని కూడా కాదు. ఈ ఉత్తమ నగరం పుస్తకం బాగ్దాద్‌లో మొదలుపెట్టాడు, 942లో ఊరు వదిలి సిరియా వెళ్ళేటప్పుడు చేతిరాత కట్ట వెంట తీసుకెళ్ళాడు, తర్వాత ఏడు డమాస్కస్‌లో పూర్తయింది అని పాత జీవితచరిత్రల్లో ఉంది. ఆ తర్వాత ఎవరో దీన్ని భాగాలుగా విడగొట్టమంటే ఈజిప్టులో ఉన్నప్పుడు ఆ పని చేశాడట. అలెప్పో పాలకుడు సైఫుద్దౌలా పెద్ద ఎత్తున ఇస్తానన్నా రోజుకి 4 దిర్హాములే పుచ్చుకున్నాడని ఒక కథ చెప్తారు. కథే అనుకోండి, కానీ ఎవరూ ఆయన గురించి బంగారు పళ్ళెం కథ చెప్పలేదు.

గోదారిగట్టు | మధ్యాహ్నం 1:15

సరే అసలు నా డౌట్ అలాగే ఉందండీ. ప్రజాస్వామ్యాన్ని తిట్టాడా లేదా?

పాఠకురాలు77 | 2:50

తిట్టాడు. మెచ్చుకున్నాడు కూడా. ఓపిగ్గా చదవండి, ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు, అన్నం తిని కూర్చున్నాను తీరిగ్గా రాస్తాను.

ఉత్తమ నగరం కానివాటికి ఆయన పెట్టిన ఒక పెద్ద పేరు జాహిలియ్యా, అంటే అజ్ఞాన నగరాలు. అక్కడ అజ్ఞానం అంటే చదువు రాకపోవడం కాదు, అసలైన సుఖం ఏంటో తెలీకపోవడం. వాటిలో రకాలున్నాయి. కూడూ గుడ్డా దొరికితే చాలనుకునే ఊరు, డబ్బే పరమార్థం అనుకునే ఊరు, విలాసాల ఊరు, పరువు ప్రతిష్ఠల ఊరు, పక్కవాణ్ణి లొంగదీసుకోవడంలోనే ఆనందం వెతుక్కునే ఊరు. చివరిది అల్ మదీనా అల్ జమాఇయ్యా. జమాత్ అంటాం కదా ఆ మాటే, అందరి ఊరు అనొచ్చు. ఇదే ఆయన ప్రజాస్వామ్యం. కాబట్టి వీడియో ఆయన చెప్పింది అబద్ధం కాదు, అజ్ఞాన నగరాల లిస్టులోనే ఉంది.

ఇప్పుడు దాని గురించి ఏం రాశాడో చూడండి. అక్కడ ప్రతివాడూ తనకి తోచింది చేసుకుంటాడు. అందరూ సమానం. ఏలేవాళ్ళు ఏలబడేవాళ్ళ ఇష్టం మీదే ఏలతారు, లోతుగా చూస్తే అసలు అక్కడ ఏలేవాడూ లేడు, ఏలబడేవాడూ లేడు. అజ్ఞాన నగరాలన్నిట్లోకీ చూడముచ్చటైన ఊరు ఇదే, రంగురంగుల బొమ్మలు అల్లిన బట్టలా ఉంటుంది, అందరూ అక్కడ ఉండాలని కోరుకుంటారు, ఎక్కడెక్కడి జాతులవాళ్ళూ వచ్చి చేరతారు, పెళ్ళిళ్ళు కలుస్తాయి, రకరకాల పిల్లలు పుడతారు, ఊరు పెరిగిపోతుంది, ఊళ్ళో ఊళ్ళు తయారవుతాయి, పరాయివాడెవడో సొంతవాడెవడో తెలీదు. ఆ రంగుల బట్ట పోలిక ప్లేటోదే. కానీ ప్లేటో దాన్ని వెటకారంగా వాడాడు, పిల్లలూ ఆడవాళ్ళూ రంగులు చూసి మోజుపడ్డట్టు అని ఒక చురక కూడా వేశాడు. ఫారాబీ దగ్గరకొచ్చేసరికి ఆ చురక మాయం.

ఆ తర్వాత వాక్యాల కోసం నేను ఈ పుస్తకం దాచుకున్నాను. ఆ ఊళ్ళో కాలం గడిచేకొద్దీ ఉత్తములు కూడా పుడతారు, వివేకులు, వక్తలు, కవులు అన్ని రకాలవాళ్ళూ ఉంటారు, వాళ్ళలోంచి ఏరుకుంటే ఉత్తమ నగరానికి కావల్సిన భాగాలు దొరుకుతాయి, ఈ ఊరినుంచీ, ఆ కూడూ గుడ్డా ఊరినుంచీ ఉత్తమ నగరం పుట్టడం మిగతావాటికన్నా తేలిక అంటాడు. మంచీ చెడూ రెండూ అక్కడే ఎక్కువ ఉంటాయి అని కూడా అన్నాడు. ఉత్తమ నగరపు రాజు కొడుకు కడుపున మరో ఉత్తమ రాజు పుడతాడు అని రాయలేదు, దాడిచేసి గెలిచిన ఊరినుంచి పుడుతుంది అనలేదు. ఈ గందరగోళం ఊరినుంచి అన్నాడు.

డల్లాస్_బావ | 3:20

అక్కా ఇది నిజంగా నాకు తెలీదు. వీడియోలు చూసి మాట్లాడకూడదు అని ఇంకోసారి తెలిసింది.

మలక్‌పేట_మామ | 3:41

మరి తిట్టింది ఏడ?

పాఠకురాలు77 | 4:05

అది కూడా ఉంది మామయ్యా. నిజంగా ఉత్తముడు ఎవరైనా వస్తే ఆ ఊరివాళ్ళు వాణ్ణి పాలకుణ్ణి చెయ్యరు, పొరపాటున చేసినా దించేస్తారు లేదా చంపేస్తారు అంటాడు. ఇంకోటి వినండి, అక్కడ ఎవడి కన్నా ఎవడికీ ఏలే హక్కు ఎక్కువ లేదు కాబట్టి పదవి ఎవరికైనా ఇచ్చారంటే ఊరికే ముచ్చటపడి ఇచ్చుంటారు, లేదా వాడి దగ్గర డబ్బో ఇంకేదో పుచ్చుకుని ఇచ్చుంటారు అట.

మలక్‌పేట_మామ | 4:07

ఓటుకు నోటు!! వెయ్యేండ్ల కింద! ఈయన మా వార్డు ఎలక్షన్ చూసి రాసిండా ఏంది.

గోదారిగట్టు | 4:30

మా ఊళ్ళో రెండు పార్టీల దగ్గరా పుచ్చుకుని మూడోవాడికి వేస్తారు, దానికి ఫారాబీ ఏం పేరు పెడతాడో.

అరబ్బీమాస్టారు | సాయంత్రం 5:15

రాజకీయ పార్టీల మీదకి వెళ్ళకండి, మోడరేటర్ గారు తాళం వేస్తారు. నేను దీనికి ఒక తోక తగిలిస్తాను. ఫారాబీ ఉత్తమ నగరంలో కూడా కొంతమంది ఇమడరు. వాళ్ళని నవాబిత్ అన్నాడు, అంటే గోధుమ చేలో మొలిచే కలుపు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత స్పెయిన్‌లో ఇబ్న్ బాజ్జా అని ఒకాయన వచ్చి ఆ మాటని తిరగేశాడు. ఇప్పుడున్న ఊళ్ళు ఏవీ ఉత్తమ నగరాలు కావు కదా, అలాంటి ఊళ్ళో సరైన ఆలోచన ఉన్నవాడే కలుపు మొక్క అన్నాడు. మన భాషలో దీనికి రెడీగా సామెత ఉంది, గంజాయి వనంలో తులసి మొక్క. ఫారాబీ చేను యజమాని వైపు నుంచి చూశాడు, ఇబ్న్ బాజ్జా తులసి మొక్క వైపు నుంచి. ఆయన పుస్తకం పేరే తద్బీర్ అల్ ముతవహ్హిద్, ఒంటరివాడు తనని తాను చక్కబెట్టుకునే పద్ధతి. రాజనీతి పుస్తకంలో రాజ్యం మాయమై ఒక్క మనిషి మిగిలాడు చూడండి.

ఖమ్మంకుర్రోడు | 6:02

ఇబ్న్ బాజ్జా ఇంకో మాట అన్నడు మాస్టారూ, నేను మర్చిపోలేను, ఎందుకంటే నా పొట్ట కొట్టే మాట. పరిపూర్ణ నగరంలో డాక్టర్లూ జడ్జీలూ అక్కర్లేదట. జనం ఒకరినొకరు ప్రేమిస్తే తగాదాలుండవు కాబట్టి జడ్జి వద్దు, తినాల్సింది తింటరు కాబట్టి డాక్టర్ వద్దు. అంటే ఒక ఊరు ఎంత చెడిపోయిందో తెలియాలంటే ఆసుపత్రులూ కోర్టులూ లెక్కపెడితే చాలన్నమాట. ఇక్కడ కాలేజీ పక్కన ఒకే రోడ్డులో 11 డయాగ్నొస్టిక్ సెంటర్లు లెక్కపెట్టిన నేను.

ఇంతా చేసి ఆయన్ని మొరాకోలోని ఫెజ్‌లో వంకాయలో విషం పెట్టి చంపిన్రని పాత చరిత్రకారులు రాసిన్రు.

మలక్‌పేట_మామ | 6:04

వంకాయలనా? అరెరె. ఏ కూర దొరకనట్టు.

గోదారిగట్టు | 6:10

గుత్తి వంకాయ మీద ఇంత అపవాదు మా జిల్లాలో ఎవరూ ఒప్పుకోరండీ.

డల్లాస్_బావ | రాత్రి 8:48

సరే నేను ఇంకో వైపు నుంచి వస్తా. వీళ్ళందరూ ఊహల్లో ఊళ్ళు కడుతున్నారు, కానీ చేసిన ఉద్యోగాలు మాత్రం రాజుల దగ్గరే. వైద్యుడూ తత్వవేత్తా అయిన ఇబ్న్ సీనా ఇరాన్ ఊరు హమదాన్‌లో వజీరు, సైనికులు తిరగబడి ఇంటి మీదకొస్తే 40 రోజులు ఎవరింట్లోనో దాక్కున్నాడు, రాజుకి మళ్ళీ కడుపునొప్పి రాగానే పిలిచి మళ్ళీ వజీరు పదవి ఇచ్చారు. కడుపునొప్పి మీద నిలబడ్డ మంత్రి పదవి! తర్వాత ఇంకో గొడవలో కోటలో పెట్టి తాళం వేశారు. ఇబ్న్ బాజ్జా కూడా సరగోసా గవర్నర్ దగ్గర వజీరే. స్పెయిన్ తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ ఖాజీ అంటే జడ్జి, పైగా ఆస్థాన వైద్యుడు. ఇలాంటివాళ్ళు పాలకుణ్ణి నిజంగా ఏమనగలరు? అందుకే నాకు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ నచ్చుతాడు. 1377లో రాసిన ముఖద్దిమాలో ఆయన ఈ ఉత్తమ నగరం సంగతి ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు, ఇది జరిగేది కాదు, వాళ్ళు కూడా ఊహగానే మాట్లాడారు అని. అసబియ్యా అనే కట్టుబాటు ఉన్న గుంపు వచ్చి రాజ్యం కొడుతుంది, పట్నం సుఖాలకి అలవాటుపడి మూడు నాలుగు తరాల్లో మెత్తబడిపోతుంది, ఇంకో గుంపు వస్తుంది. ప్రవక్త లేకపోతే సమాజమే ఉండదు అని ఫిలాసఫర్లు అంటే, అసలు దైవగ్రంథం లేని జనాలే లోకంలో ఎక్కువ, వాళ్ళకీ రాజ్యాలున్నాయిగా అని అడిగాడు. అది ప్రశ్న అంటే.

అరబ్బీమాస్టారు | 9:30

ఇబ్న్ ఖల్దూన్ గొప్పవాడే, కాదనను. కానీ ఆ తరాల లెక్క ఇబ్న్ రుష్ద్ దగ్గర అప్పటికే ఉంది. ప్లేటో రిపబ్లిక్‌కి వ్యాఖ్యానం రాస్తూ, ఊళ్ళు ఎలా దిగజారతాయి అనే చోట గ్రీకు ఉదాహరణలు పక్కనపెట్టి తన సొంత దేశం చెప్పాడు, మొరాకోనీ స్పెయిన్‌నీ ఏలిన మురాబితూన్ వంశం సంగతి. మురాబితూన్‌లలో మొదటివాడు శాసనాన్ని అనుసరించాడు, కొడుకు పరువుకీ డబ్బుకీ దిగాడు, మనవడు విలాసాలకి దిగాడు, వాడి కాలంలోనే రాజ్యం పోయింది అని. మూడు తరాలు, లెక్క సరిపోయిందా? ఇంకా తెగించి, అరబ్బుల తొలి పాలన ఉత్తమ పాలనని పోలి ఉండేది, ఖలీఫా ముఆవియా కాలంలో అది ప్రతిష్ఠ కోసం ఏలే పాలనగా మారింది అన్నాడు. ఒక ఖాజీ ఈ మాట రాయడం చిన్న విషయం కాదు బావగారూ. మీరన్నట్టు రాజు అన్నం తింటూ ఏమనగలరు అంటే, ఇదిగో ఇంత అన్నాడు.

తమాషా ఏంటంటే ఆయన అసలు వ్యాఖ్యానించాలనుకున్నది అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం. అది మా దాకా రాలేదు కాబట్టి ప్లేటో పుస్తకం తీసుకున్నాను అని తనే రాసుకున్నాడు.

పాఠకురాలు77 | 10:12

మాస్టారూ ఆ వ్యాఖ్యానంలోదే ఆడవాళ్ళ ముక్క మీరు చెప్తారేమో అని చూస్తున్నా, చెప్పలేదు కాబట్టి నేనే చెప్తా. ఈ ఊళ్ళలో ఆడవాళ్ళ శక్తి ఏంటో ఎవరికీ తెలీదు, ఎందుకంటే వాళ్ళని పిల్లల్ని కనడానికీ పెంచడానికీ మొగుళ్ళకి సేవకీ మాత్రమే పెట్టారు, ఏ గుణానికీ తర్ఫీదు ఇవ్వలేదు కాబట్టి వాళ్ళు మొక్కల్లా మిగిలిపోతున్నారు, వాళ్ళు మగవాళ్ళకి బరువు కావడం ఈ ఊళ్ళ పేదరికానికి ఒక కారణం, ఇదీ ఆయన మాటల సారాంశం. ఆడవాళ్ళలో తత్వవేత్తలూ పాలకులూ రావడం అసాధ్యం కాదు అని కూడా ఒప్పుకున్నాడు. 12వ శతాబ్దంలో, కార్డోబాలో! ఇక్కడ మొక్కలు అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది, నిజం చెప్తున్నా. మా అమ్మమ్మకి సంతకం రాదు, కానీ నోటి లెక్కలో వడ్డీ పైసలతో సహా చెప్పేది. ఆవిడ మొక్క కాదు, నీళ్ళు పొయ్యని మనుషులు ఆమె చుట్టూ ఉన్నారు, అంతే. ఇబ్న్ రుష్ద్ చెప్పేది కూడా అదే అనుకుంటా, తప్పు మొక్కది కాదు అని.

ఖమ్మంకుర్రోడు | 10:30

అక్కా 🙏

ఇంకో ముక్క. ఆ వ్యాఖ్యానం అరబ్బీ మూలం ఇప్పుడు లేదు. 1320 ప్రాంతంలో మార్సెయ్‌కి చెందిన సామ్యూల్ బెన్ యూదా అనే యూదు పండితుడు హీబ్రూలోకి మార్చిండు, అది మిగిలింది కాబట్టి మనకి తెలుస్తుంది. గ్రీకు పుస్తకం, ముస్లిం వ్యాఖ్యానం, యూదు అనువాదం.

గోదారిగట్టు | 10:41

ఇబ్న్ రుష్ద్‌ని తర్వాత ఊరినుంచి వెళ్ళగొట్టారట కదా? అది ఈ మాటలకేనా?

అరబ్బీమాస్టారు | 11:20

ఎందుకో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు, తేల్చి చెప్పలేం. జరిగింది మాత్రం ఇదీ. 1195లో ఖలీఫా మన్సూర్ ఆయన్ని లూసెనా అనే చిన్న ఊరికి పంపించేశాడు, తత్వశాస్త్రం పుస్తకాలు తగలబెట్టించాడు. కొన్నేళ్ళకి మళ్ళీ పిలిపించుకున్నాడు గానీ ముసలాయన ఎక్కువ రోజులు లేడు, 1198 డిసెంబరులో మర్రాకేష్‌లో పోయాడు.

దీనికి ముందు ఇంకో సీను చెప్పాలి, దర్బారుకి మొదటిసారి వెళ్ళినప్పటిది. ఆయన్ని తీసుకెళ్ళింది ఇబ్న్ తుఫైల్, ఒంటరి దీవిలో పెరిగిన హయ్య్ కథ రాసినాయన. ఈ మన్సూర్ తండ్రి అబూ యాఖూబ్ అప్పుడు ఖలీఫా. పేరూ ఊరూ అడిగాక ఉన్నట్టుండి, ఆకాశం అనాదిగా ఉందా, సృష్టి అయిందా, ఫిలాసఫర్లు ఏమంటారు అని అడిగాడట. ఇబ్న్ రుష్ద్‌కి చెమటలు పట్టాయి, నాకు ఫిలాసఫీ తెలీదండీ అనేశాడు. ఖలీఫా ఇబ్న్ తుఫైల్ వైపు తిరిగి ప్లేటో ఏమన్నాడు, అరిస్టాటిల్ ఏమన్నాడు అని తనే మొదలుపెట్టాక గానీ ఈయన నోరు విప్పలేదు. వెళ్ళేటప్పుడు డబ్బూ శాలువా లాంటి బట్టా గుర్రమూ ఇచ్చి పంపారు. తండ్రి దగ్గర గుర్రం, కొడుకు దగ్గర బహిష్కారం. ఉత్తమ నగరంలో వివేకం ఒక్కటీ తగ్గకూడదు అని ఫారాబీ ఎందుకు పట్టుబట్టాడో ఇక్కడ కాస్త కనిపిస్తుంది నాకు, పాలకుడి మూడ్ మీద ఆధారపడ్డ వివేకం వివేకం కాదు.

డల్లాస్_బావ | 11:45

హయ్య్ కథ చిన్నప్పుడు ఎక్కడో విన్నా. దీవిలో ఒంటరిగా పెరిగి అన్నీ తనంతట తానే తెలుసుకుంటాడు, తర్వాత పక్క దీవిలో జనం దగ్గరికి వెళ్ళి బోధించబోతే వాళ్ళు మొహం మాడ్చుకుంటారు, చివరికి క్షమించండి మీ పద్ధతిలో మీరుండండి అని చెప్పి వెనక్కి తన దీవికి పోతాడు. నాకు అది ఓటమిలా అనిపించేది. ఇప్పుడీ థ్రెడ్ చదివాక ఇబ్న్ బాజ్జా తులసి మొక్కకి కథ రాసినట్టుంది.

మలక్‌పేట_మామ | ఆదివారం ఉదయం 8:10

రాత్రంత ఫోన్ మోగుతనే ఉన్నది మీ దెబ్బకి. నాకొక్కటి చెప్పుండ్రి, ఈ పుస్తకాలు మన దగ్గర ఏడన్న దొరుకుతయా, అన్నీ విదేశాలనేనా?

అరబ్బీమాస్టారు | 9:02

మామా, అసలు సంగతి అడిగావు. తహసీల్ అస్సఆదా హైదరాబాదులోనే అచ్చయింది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్, ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది, వాళ్ళు పాత అరబ్బీ చేతిరాతల్ని సరిచూసి అచ్చువేస్తారు. 1926 ప్రాంతంలో ఈ పుస్తకం, ఆ మరుసటేడు అస్సియాసా అల్ మదనియ్యా వేశారు, అంటే పాఠకురాలు గారు చెప్పిన అందరి ఊరు ముక్క ఉన్నదే. తర్వాత చాలాకాలం అమెరికాలో, యూరప్‌లో ఫారాబీ మీద పనిచేసినవాళ్ళు ముందేసుకుని కూర్చున్నది హైదరాబాదు ప్రతినే. నేను చదువుకునే రోజుల్లో ఒక ప్రతి చేతిలో పట్టుకున్నాను, కాగితం పసుపెక్కి అంచులు పొడిపొడిగా రాలేవి, చివర హైదరాబాద్ దక్కన్ అని అరబ్బీలో ఉంటుంది. మనం తార్నాక సిగ్నల్ దగ్గర హారన్ కొట్టుకుంటూ పక్కనుంచే పోతుంటాం.

గోదారిగట్టు | 9:15

ఇది చాలండీ నాకు. వచ్చే శనివారం హైదరాబాద్ పనుంది, ఒకసారి బయటనుంచైనా చూసొస్తా. అరబ్బీ ఒక్క ముక్క రాదు, అయినా సరే.

ఖమ్మంకుర్రోడు | 9:21

అన్నా నేనూ వస్తా, మెసేజ్ పెట్టు. ఇబ్న్ రుష్ద్ సంగతి ఒకటి మిగిలిపోయింది, అది చెప్పి పోతా. మొదట మర్రాకేష్‌లో పూడ్చి, తర్వాత శవాన్ని కార్డోబాకి తెచ్చిన్రు. సూఫీ ఇబ్న్ అరబీ అప్పుడక్కడ ఉన్నడు, కళ్ళారా చూసి రాసిండు. బరువు మోసే జంతువుకి ఒక పక్క శవపేటిక కట్టిన్రంట, బరువు సరిపోవాలి కదా, రెండో పక్క ఆయన రాసిన పుస్తకాలు కట్టిన్రంట.

మలక్‌పేట_మామ | 9:24

సరిపోయినయా?

ఖమ్మంకుర్రోడు | 9:25

సరిపోయినయ్ మామా.